కందిబద్దంత సెన్సర్‌తో ఆరు నెలలు: చిన్న డిజిటల్ కెమెరా ఫొటోలు ఎలా వస్తాయంటే

ముందే చెప్పేస్తున్నా. పగటి వెలుతురులో, జూమ్ జోలికి పోకుండా, ఐఎస్ఓ 100 మీద (వెలుతురును కెమెరా లోపల ఎంత పెంచాలో చెప్పే అంకె ఐఎస్ఓ) తీస్తే ఈ చిన్న కెమెరా ఇచ్చే ఫొటో నాకు నా ఫోన్ ఫొటో కంటే బాగా నచ్చుతోంది. పొద్దు గూకాక ఫ్లాష్ లేకుండా తీస్తే మాత్రం ఆ ఫొటో ఎవరికీ చూపించాలనిపించదు. ఆరు నెలలుగా హన్మకొండలో ఇంట్లో, గుళ్లో, పెళ్లిళ్లలో, మొన్నటి సద్దుల బతుకమ్మ దాకా దీన్ని జేబులో వేసుకుని తిరిగాను. రెండు వేల పైచిలుకు ఫొటోలు తీసి, లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూసి, కొన్నింటిని కాగితం మీద ప్రింట్ వేయించి తేల్చుకున్న మాట ఇది. ఈమధ్య కాలేజీ పిల్లల్లో పాత డిజిటల్ కెమెరాల మోజు బాగా పెరిగింది, మా అక్క కూతురు కూడా "కొనాలా వద్దా, ఫొటోలు నిజంగా బాగుంటాయా" అని అడుగుతోంది. తనకు ఫోన్‌లో అరగంట చెప్పినా తెగలేదు, అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నా.

కంపెనీ పేరు, మోడల్ నంబరు రాయడం లేదు, ఎందుకంటే ఈ విషయంలో వాటితో పెద్దగా పని లేదు. పదేళ్ల కింద తక్కువ ధరలో వచ్చిన చిన్న కెమెరాల్లో చాలావాటి లోపల సరుకు దాదాపు ఒకటే: 1/2.3 అంగుళాల సీసీడీ సెన్సర్ (వెలుతురును ఫొటోగా పట్టే చిప్, సీసీడీ అనేది అందులో పాత రకం), 16 లేదా 20 మెగాపిక్సెళ్లు, లోపలికి ముడుచుకునే చిన్న జూమ్ లెన్స్, పక్కన చిన్న ఫ్లాష్. నాది 20 మెగాపిక్సెళ్లది. జూమ్ 5 రెట్లు, పెద్ద కెమెరా లెక్కలో చెప్పాలంటే 26 నుంచి 130 మిల్లీమీటర్లకు సమానం. లెన్స్ ఎఫ్ 3.2 దగ్గర మొదలై పూర్తి జూమ్‌లో ఎఫ్ 6.4 అవుతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). ఫొటోలు జేపెగ్‌లోనే వస్తాయి, సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే రా ఫైల్ ఉండదు, అంటే లోపలి ప్రాసెసర్ ఏం చేస్తే అదే మనకు దక్కేది. డబ్బా మీద ఏ పేరున్నా కింద చెప్పబోయేది చాలావరకు వర్తిస్తుంది.

"20 మెగాపిక్సెల్ అన్నా, నీ ఫోన్ కంటే ఎక్కువ" అన్నాడు కోఠిలో షాపతను. అబద్ధమేమీ కాదు, నా ఫోన్ మామూలుగా ఇచ్చేది 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే. కానీ ఆ 20 ఎక్కడ సర్దారో చూడాలి కదా. 1/2.3 అంగుళాలు అంటే ఎవరికీ ఏమీ తెలియదు. నిజానికి ఆ సెన్సర్ వెడల్పు 6.2 మిల్లీమీటర్లు, ఎత్తు 4.6. వంటింట్లోంచి ఒక కందిపప్పు బద్ద తెచ్చి అరచేతిలో పెట్టుకోండి, కొంచెం అటూ ఇటూగా అంతే. పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గరుండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్ విస్తీర్ణంలో దీనికి ముప్ఫై రెట్లు ఉంటుంది. ఈ కందిబద్దలో 2 కోట్ల పిక్సెళ్లు పట్టించారంటే ఒక్కోటి 1.2 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), తలవెంట్రుక మందంలో యాభై దాకా పక్కపక్కనే కూర్చుంటాయి. అంత చిన్న చోట పడే వెలుతురు తక్కువ, అందుకని చీకట్లో కెమెరా ఆ సిగ్నల్‌ను లోపల పెంచుతుంది. స్టేషన్ సరిగ్గా అందని రేడియోలో సౌండ్ పెంచితే పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది చూడండి, ఐఎస్ఓ పెంచడం కూడా అదే. ఫొటోలో ఆ గరగర చుక్కలుగా కనిపిస్తుంది.

అసలు మనకు ఎన్ని పిక్సెళ్లు కావాలి? స్టూడియోలో వేసే 4×6 ప్రింట్‌కి అంగుళానికి 300 చొప్పున లెక్కేస్తే 22 లక్షలు చాలు. గోడకు తగిలించే ఏ4 సైజుకు 87 లక్షలు. 2 కోట్లు ఎవరికీ అక్కర్లేదు. నేను రెండో వారం నుంచే సెట్టింగ్స్‌లో 10 మెగాపిక్సెళ్లకు మార్చేశాను, రెండు సైజుల్లో ఒకే గోడను తీసి పోల్చుకుంటే పోయిందేమీ నా కంటికి కనపడలేదు, పైగా కార్డులో రెట్టింపు ఫొటోలు పడుతున్నాయి. కొన్నవాళ్లు అందరూ మొదట చేయాల్సిన పని ఇదే అంటాను.

రెండోది, వెనకాల ఉన్న స్క్రీన్‌ను నమ్మకండి. షాపులో అందరం చేసే పొరపాటు ఇదే: ఒక ఫొటో తీస్తాం, వెనక్కి తిప్పి చూస్తాం, "బాగుందే" అనుకుని డబ్బులిచ్చేస్తాం. ఈ 2.7 అంగుళాల స్క్రీన్‌కి 2.3 లక్షల చుక్కలు అని రాసి ఉంటుంది, కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలిస్తేనే ఒక పిక్సెల్, కాబట్టి అసలు పిక్సెళ్లు 76,800 మాత్రమే. 2 కోట్ల పిక్సెళ్ల ఫొటోను 76,800లో చూపిస్తే చెయ్యి వణికిన ఫొటో కూడా చక్కగానే కనిపిస్తుంది. మా పెద్దనాన్న మనవరాలి బారసాలలో తీసిన నలభై ఫొటోలు స్క్రీన్ మీద చూసి సంబరపడి, ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో వేసుకుంటే అందులో పదకొండు బ్లర్. పాప కళ్లు తెరిచి చూసిన ఒకే ఒక్క ఫొటో కూడా ఆ పదకొండులోనే పోయింది. ఆరోజు నుంచి ముఖ్యమైనది తీస్తే అక్కడికక్కడే జూమ్ చేసి కళ్ల మీద ఫోకస్ ఉందో లేదో చూసుకోకుండా ముందుకు పోవడం లేదు.

మరి దేన్ని నమ్మాలి అంటే, నేను న్యూస్‌పేపర్‌ను నమ్మాను. ఇది డబ్బు ఖర్చు లేని పరీక్ష, ఎవరైనా చేసుకోవచ్చు. తెలుగు పేపర్లో క్లాసిఫైడ్స్ పేజీ ఉంటుందే, చీమ తలకాయంత అక్షరాలు, ఆ పేజీ గోడకు నాలుగు మూలలా టేపు వేసి అతికించి, కిటికీ పక్క వెలుతురులో, కెమెరాను స్టూలు మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయాలి. పేజీ ఫ్రేమ్ మొత్తం నిండాలి. ఐఎస్ఓ 100, 200, 400, 800, 1600, ఇలా ఒక్కోటి మార్చుకుంటూ ఐదు ఫొటోలు. తర్వాత లాప్‌టాప్‌లో వంద శాతానికి పెంచి ఒకే మాటను ఐదింట్లోనూ వెతకాలి. ఈ పనికి మన లిపి ఇంగ్లీషు కంటే చాలా మంచిది, ఎందుకంటే మన అక్షరాల్లో తేడా అంతా చిన్న చిన్న గుర్తుల్లోనే ఉంటుంది. ద, ధ, థ చూడండి: ధ కింద చిన్న గీత, థ కడుపులో చిన్న చుక్క. నేను పట్టుకున్నది "స్థలం అమ్మబడును" అనే ప్రకటన. 100లో స కింద ఉన్న థావత్తు చుక్కతో సహా కనిపించింది. 200లోనూ కనిపించింది. 400లో చుక్క ఉందని తెలిసి చూస్తే ఉంది. 800లో చుక్క లేదు. 1600కి వచ్చేసరికి అది వత్తో, సిరా మరకో చెప్పలేని పరిస్థితి. అంటే నా కెమెరా నిజంగా పనిచేసే హద్దు 400 దాకా, మెనూలో 3200 వరకు ఇచ్చినా సరే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 800లో నాకు చుక్కలు చుక్కలుగా గరుకు కనపడలేదు, ఫొటో నున్నగానే ఉంది. చుక్కలు తుడిచెయ్యాలని లోపలి ప్రాసెసర్ పనిచేస్తుంది, దానికి ఏది గరుకో ఏది అక్షరమో తెలియదు కాబట్టి థ కడుపులోని చుక్కను కూడా గరుకనుకుని తుడిచేసింది. మనుషుల ఫొటోల్లో తల వెంట్రుకలు, గడ్డి, పట్టుచీర జరీ ఇలాగే పోతాయి, తడి కాగితం మీద రంగు పామినట్టు అయిపోతాయి. చాలామంది చుక్కలు లేకపోతే క్వాలిటీ బాగుందనుకుంటారు. చుక్కలున్నా ఫరవాలేదు, చీర అంచు కనపడాలి అనే మనిషిని నేను. ఈ తుడిచే పనిని తగ్గించుకునే సెట్టింగ్ ఈ కెమెరాల్లో చాలావాటిలో ఉండదు, ఈ తరగతి మొత్తానికీ నాకున్న పెద్ద ఫిర్యాదు అదే.

అదే న్యూస్‌పేపర్‌తో మూలలు కూడా తెలిసిపోతాయి. వైడ్‌లో, అంటే జూమ్ చేయకుండా తీస్తే, మధ్యలో అక్షరాలు చెక్కినట్టున్నా నాలుగు మూలల్లో కాస్త మెత్తబడతాయి, ఈ ధరలో అది మామూలే. కానీ నాలుగు మూలలూ సమానంగా మెత్తబడాలి. ఒక్క పక్కనే అలుక్కుపోతే లెన్స్ పక్కకు ఒరిగిందని అర్థం, ఎప్పుడో కింద పడి ఉంటుంది.

జూమ్ సంగతి. 5 రెట్లు అని డబ్బా మీద పెద్దక్షరాలతో వేస్తారు, నేనైతే 2 రెట్లు దాటి వెళ్లను. ఎఫ్ 3.2 నుంచి 6.4కి వెళ్లేసరికి లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే వైడ్‌లో ఐఎస్ఓ 100 చాలిన చోట జూమ్‌లో 400 కావాలి, లేదంటే షట్టర్ నాలుగు రెట్లు నెమ్మదించి చెయ్యి వణుకు పడుతుంది. దీనికి తోడు ఇంకోటి ఉంది. అంత చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు సహజంగానే చెదురుతుంది, ఎఫ్ 6.4 దగ్గర ఒక చుక్క వెలుగు సెన్సర్ మీద ఎనిమిదిన్నర మైక్రాన్ల వెడల్పున పరుచుకుంటుంది, అంటే ఏడు పిక్సెళ్ల మేర. లెన్స్‌ను ఎంత బాగా తయారుచేసినా దీన్నుంచి తప్పించుకోలేరు. దూరంగా ఉన్నదాన్ని తీయాలంటే కాళ్లకు పని చెప్పి దగ్గరికి నడవడమే మేలు.

వెలుగునీడల పరీక్షకు మా ఊళ్లో వేయిస్తంభాల గుడి కంటే మంచి చోటు లేదు. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన గుడి, నల్లరాతి స్తంభాలు, నల్లరాతి నంది, వెనక తెల్లగా మండే ఆకాశం. ఉదయం ఏడింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి వెళ్లి ఒకే చోట నిలబడి తీశాను. ఏడింటి ఫొటోల్లో నంది మెడలోని గంటల వరస, గొలుసు చెక్కడం అన్నీ ఉన్నాయి, ఆకాశం కూడా లేత నీలంగా మిగిలింది. పదకొండింటికి తీసిన వాటిలో మధ్యనున్న నల్లరాయిని చూసి కెమెరా చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచింది, ఆకాశం తెల్ల కాగితమైపోయింది. ఆ తెల్లబడిన చోట ఇంక ఏ సమాచారమూ ఉండదు, తర్వాత ఏ యాప్‌లో ఎంత లాగినా రాదు. దీనికి మందు మెనూలోనే ఉంది, ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకి పట్టే వెలుతురును, మైనస్ 0.7కి దించడం. నల్లరాయి కొంచెం ముదురుగా వస్తుంది, దాన్ని తర్వాత పెంచుకోవచ్చు, ఆకాశం మాత్రం నిలుస్తుంది. ఇక ఫోన్ అయితే అదే చోట నాలుగైదు ఫొటోలు టకటకా తీసి కలిపేసి ఆకాశాన్నీ, రాయినీ రెండింటినీ చూపించింది. ఒప్పుకోవాలి, ఈ ఒక్క విషయంలో ఫోన్‌దే పైచేయి. కానీ ఆ ఫోన్ ఫొటోలో స్తంభాల మధ్య నీడ లేదు. ఆ మండపంలోకి అడుగుపెడితే ఒంటికి తగిలే చల్లదనం ఆ నీడలోనే ఉంటుంది, కెమెరా ఫొటోలో అది ఉంది.

తాటిచెట్లను ఎండలో కింది నుంచి తీస్తే ఆకుల అంచుల వెంట వంగపండు రంగు గీత వస్తుంది. చిన్న జూమ్ లెన్సులన్నిటికీ ఉండే జబ్బు అది. ప్రింట్‌లో కనపడదు, స్క్రీన్ మీద పెంచితే కనపడుతుంది. నేను పట్టించుకోవడం మానేశాను.

రంగుల దగ్గరికొస్తే పసుపు బాగా పట్టుకుంటుంది. తంగేడు పువ్వు తంగేడు పువ్వులాగే వస్తుంది, బంతి బంతిలాగే. ఎరుపు దగ్గర తేలిపోతుంది. మా పెరట్లో ముద్దమందారం మీద ఎండ పడుతున్నప్పుడు తీస్తే రేకులకు మధ్య గీతలు లేవు, మొత్తం ఒకే ఎర్రటి ముద్ద. ఎరుపు ఒక్కటీ నిండిపోయి పొర్లిపోవడం వల్ల అలా అవుతుంది. అదే మందారాన్ని నీడలో తీస్తే ఒక్కో రేకు ముడత కూడా వచ్చింది. ఎర్ర పట్టుచీర, కుంకుమ భరిణె, పెళ్లికూతురి పారాణి, అన్నీ ఇదే పద్ధతి: నేరుగా ఎండలో వద్దు. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఆటో వైట్ బ్యాలెన్స్ (లైటు రంగును బట్టి తెలుపును సరిచేసేది) ఫరవాలేదు కానీ ఒక పక్క పసుప్పచ్చ బల్బు, ఇంకో పక్క తెల్ల ఎల్ఈడీ ఉన్న గదిలో మనుషులు సగం పచ్చగా సగం నీలంగా వస్తారు. ఒకటి ఆర్పేసి తీయండి, అంతే.

ఇప్పుడు నేను ఈ కెమెరాను అట్టిపెట్టుకోవడానికి అసలు కారణం. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు, చామనఛాయ, ఎండలో పొలం పని చేసిన మనిషి, నుదుటి మీద మూడు గీతలు, ఎడమ చెంప మీద చిన్నప్పటి అమ్మోరు మచ్చ. ఫోన్‌తో ఎప్పుడు తీసినా, బ్యూటీ మోడ్ ఆపేసినా సరే, ఆ మచ్చ సగం మాయమై, రంగు రెండు మెట్లు తెలుపై, చర్మం పింగాణీలాగా వచ్చేది. ఫ్రేమ్ కట్టించడానికి ఒక మంచి ఫొటో కావాలని ఏడాది నుంచి ప్రయత్నిస్తున్నా. మే నెలలో ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి, అరుగు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తుంటే, నీడలో, ఐఎస్ఓ 100, జూమ్ కొంచెం ముందుకు, మూడడుగుల దూరం నుంచి తీశాను. ముఖం మీద ఉన్నదంతా వచ్చింది. మచ్చ, గీతలు, కంటి కింద నలుపు, ముక్కుపుడక పక్కన చిన్న చెమట చుక్క. ఏ4 సైజులో వేయించి ఇంటికి తెస్తే అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది నా ముఖమే బిడ్డా. ఫోన్ల అయితే ఎవరో అనిపిస్తది" అంది. ఫొటో క్వాలిటీ అంటే ఏమిటని నన్నడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

దీనికి కారణం సీసీడీ మహిమ అని కొందరు రాస్తున్నారు. సీసీడీ గొప్ప ఆవిష్కరణే, 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో విల్లార్డ్ బోయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు, 2009లో దానికి వాళ్లకు భౌతికశాస్త్రం నోబెల్ కూడా వచ్చింది. కానీ చర్మం రంగు సీసీడీ వల్లే బాగా వస్తుందంటే నేను ఒప్పుకోను. సీసీడీ అయినా, ఇప్పటి ఫోన్లలో ఉండే సీమాస్ అయినా సెన్సర్‌కి రంగు తెలియదు, దాని మీద వేసిన రంగు ఫిల్టర్లూ, ఆ తర్వాత ప్రాసెసర్ చేసే లెక్కలే రంగును తేలుస్తాయి. ఈ పాత కెమెరాలో ఆ లెక్కలు తక్కువ, ముఖాన్ని గుర్తుపట్టి దాన్ని అందంగా చేద్దామనే ఆలోచన దీనికి లేదు, ఒకే ఒక్క ఫొటో తీసి ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. నచ్చేది అందుకే. కాబట్టి సీసీడీ అన్న ఒక్క మాట చెప్పి పాత కెమెరాకు రెట్టింపు ధర అడిగితే ఇవ్వకండి.

చీకటి పరీక్ష సద్దుల బతుకమ్మనాడు పెట్టాను. పద్మాక్షి గుట్ట దగ్గర సాయంత్రం పొద్దు గూకే దాకా ఫొటోలు బాగానే వచ్చాయి. గునుగు, తంగేడు, బంతి, సీతజడ పూల వరసలు, పైన పసుపు గౌరమ్మ, దగ్గరికి వెళ్లి మాక్రోలో (బాగా దగ్గరి వాటిని తీసే మోడ్) తీస్తే గునుగు కంకి మీద అద్దిన రంగు పొడి కూడా తెలుస్తోంది. ఏడయ్యేసరికి ఫ్లడ్‌లైట్లు వేశారు. మన కంటికి పట్టపగలులాగే ఉంటుంది కానీ కెమెరాకు కాదు. ఆటోలో పెడితే ఐఎస్ఓ 1600కి పోయింది, షట్టర్ సెకనులో ఎనిమిదో వంతు, చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆడవాళ్ల చేతులు పొగలాగా వచ్చాయి, ముఖాల్లో కళ్లూ ముక్కూ కలిసిపోయాయి. యాభై తీస్తే ఒక్కటి దక్కలేదు. మా వదిన నాలుగు రోజుల ముందు నుంచి పూలు ఏరుకొచ్చి పేర్చిన బతుకమ్మ అది, నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

అప్పుడు ఫ్లాష్ వేశాను. ఇక్కడే ఈ చిన్న కెమెరా ఫోన్‌ను దాటిపోతుంది. ఇందులో ఉన్నది జినాన్ ఫ్లాష్, మెరుపు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపే ఉంటుంది, ఆ లిప్తలో చేతులు గాల్లో ఉన్నవి ఉన్నట్టే ఆగిపోతాయి. ఫోన్‌లో ఉండే ఎల్ఈడీ టార్చిలాగా వెలుగుతుందే తప్ప ఇలా మెరవదు, కదలికను ఆపలేదు. కానీ దీని వెలుగు మూడు మీటర్లు దాటదు, జూమ్ చేస్తే ఒకటిన్నర మీటర్లకు పడిపోతుంది. అందుకని జూమ్ పూర్తిగా వెనక్కి లాగి, వలయం దగ్గరికి వెళ్లి, ముందు వరుసలో ఉన్నవాళ్లనే తీశాను. ముఖాలు, గాజులు, చీర అంచులు గీసినట్టు వచ్చాయి, వెనకాలంతా నల్లటి చీకటి. ఆ చీకటి నచ్చకపోతే స్లో సింక్రో అని ఒక ఫ్లాష్ మోడ్ ఉంటుంది, అందులో మెరుపు తర్వాత కూడా షట్టర్ కాసేపు తెరిచి ఉండి వెనక లైట్లను పట్టుకుంటుంది. రెండు మోచేతులూ డొక్కలకు ఆనించి ఊపిరి బిగబట్టి తీయాలి. పన్నెండు తీస్తే నాలుగు బాగా వచ్చాయి, అందులో ఒకటి మా వదిన నవ్వుతూ చప్పట్లకు వంగినప్పటిది, వెనక గుట్ట మీది దీపాలు వరసగా కనిపిస్తూ. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి కళ్లు ఎర్రగా రావడం, గాల్లో దుమ్ము ఉంటే తెల్లటి గుండ్రాలు పడటం తప్పదు, అంతమంది ఆడుతుంటే దుమ్ము ఎలాగూ లేస్తుంది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. వీడియో 720పీ క్వాలిటీ దగ్గరే ఆగిపోతుంది, దానికోసం కొనొద్దు. వీడియో తీస్తున్నప్పుడు లైటు ఫ్రేములోకి వస్తే నిలువునా తెల్లటి గీత పడుతుంది, అది సీసీడీ లక్షణం, రిపేరు కాదు. బ్యాటరీ రెండు వందల ఫొటోల దాకా వస్తోంది. బటన్ ఒక్కసారిగా నొక్కేస్తే ఫోకస్ దొరకదు, సగం నొక్కి, ఆకుపచ్చ గడి వచ్చాక మిగతా సగం నొక్కాలి, ఇది అలవాటయ్యే దాకా సగం ఫొటోలు పోతాయి.

కొనేవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటివి ఇప్పుడు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతున్నాయి, నేనూ అక్కడే దెబ్బతిన్నాను. నేను మొదట తెచ్చింది ఇది కాదు. 4,500 రూపాయలు పెట్టి, పైన గీత కూడా లేని మెరిసే డబ్బా ఒకటి తెచ్చుకుంటే, న్యూస్‌పేపర్ పరీక్షలో ఎడమ పక్క మూడో వంతు మొత్తం అలుక్కుపోయింది, కుడి పక్క శుభ్రంగా ఉంది. మళ్లీ బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి అడిగితే ఆ షాపువాళ్లు డబ్బులు తిరిగి ఇవ్వనన్నారు, ఇంకో 800 తీసుకుని ఇది చేతిలో పెట్టారు. ఈసారి అక్కడే నిలబడి అన్నీ చూశాను. మీరు వెళ్లేటప్పుడు ఒక మెమరీ కార్డు, ఒక పేపరు, వీలైతే లాప్‌టాప్ తీసుకెళ్లండి. పేపరును షాపు గోడకు ఆనించి వైడ్‌లో ఒకటి, పూర్తి జూమ్‌లో ఒకటి తీయండి. లెన్స్‌ను అరచేత్తో మూసి ఒకటి తీయండి, నల్లటి ఫొటోలో ఎర్రటివో తెల్లటివో చుక్కలు వెలుగుతుంటే అవి చెడిపోయిన పిక్సెళ్లు. బయటికొచ్చి ఆకాశం ఒకటి తీయండి, బూడిదరంగు మచ్చ కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టు, ఈ కెమెరాల్లో లెన్స్ ఊడదు కాబట్టి దాన్ని తుడవడం మన చేతిలో పని కాదు. చివరిగా ఫోన్ టార్చి లెన్స్‌లోకి పక్కవాటంగా వేసి చూడండి, లోపల సాలెగూడు పోగుల్లాంటివి ఉంటే అది బూజు. వానాకాలం బీరువాలో పడి ఉన్న వాటికి ఇది ఎక్కువ, ఆ ఫొటోలు ఎండలో కూడా పాలు కలిపినట్టు వస్తాయి. ఈ నాలుగింటికీ పది నిమిషాలు పడుతుంది, షాపతను విసుక్కుంటే పక్క షాపుకు వెళ్లండి.

మా అక్క కూతురికి నా జవాబు: కొను, 5,000 దాటి పెట్టకు. హాస్టల్ గదిలో రాత్రిపూట తీసేవాటికి ఫ్లాష్ తప్పకుండా వెయ్యి, లైబ్రరీ మెట్ల మీద పొద్దున తీసేవాటికి వెయ్యకు. నాకు పంపించేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపకు, అది సైజు తగ్గించేసి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పెట్టు. వచ్చే దసరా సెలవులకు వచ్చినప్పుడు కార్డు తెచ్చుకో, స్టూడియోకి వెళ్లి నువ్వు తీసిన వాటిలో ఓ పది 4×6లో వేయిద్దాం, పేపరు మీద చూశాక ఏది నిలుస్తుందో నువ్వే చెబుదువుగాని.